హస్తవాసి

నేను ఎదురుకాళ్లతో పుట్టానట. అందరు పిల్లల్లా తల ముందుగా కాకుండా కాళ్లు ముందుపెట్టి వచ్చాను. ఆ కాన్పులో అమ్మ ఎంత నరకం చూసిందో ఎవరూ చెప్పరు గానీ, కోరుట్లలో మా గల్లీలో నాకు మాత్రం దాంతో ఒక హోదా వచ్చింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో మూడుసార్లు తాకితే పట్టేసిన నడుము విడుస్తుందని మన దగ్గర నమ్మకం కదా. ఎవరికి నడుము పట్టినా పొద్దున్నే మా వాకిట్లో ఉండేవాళ్లు. "ఏదీ, నీ ఎదురుకాళ్ల బిడ్డను పిలువు" అని అమ్మతో అనేవాళ్లు. నేను నిద్రకళ్లతో వచ్చి, బోర్లా పడుకున్న ఆ పెద్దమనిషి నడుము మీద మూడుసార్లు కాలు ఆనించేదాన్ని. ఏడేళ్ల ఆడపిల్లకు పెద్దమనుషుల్ని తన్నే హక్కు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి? పైగా గుప్పెడు పుట్నాలో, బెల్లం ముక్కో, ఒక్కోసారి చారాణానో చేతిలో పెట్టేవాళ్లు.

చాలామందికి తగ్గేది. "నీ కాలు మంచిది బిడ్డా" అని వచ్చి చెప్పేవాళ్లు. తగ్గనివాళ్లు మళ్లీ వచ్చి చెప్పేవాళ్లు కాదు. ఈ రెండో సంగతి నాకు నలభై దాటాక గానీ తట్టలేదు.

మా గల్లీ మొత్తంలో నడుము బాగా పాడైంది మా అమ్మకే. ఆమె మాత్రం ఒక్కసారీ నన్ను తాకమనలేదు. పొద్దున వంట కాగానే గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునేది. తునికాకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి. వెయ్యి బీడీలు అయ్యేదాకా తల ఎత్తేది కాదు. రాత్రి పడుకునేటప్పుడు "అమ్మా" అంటూ మెల్లగా వెన్ను నేలకు ఆనించేది. అది నొప్పి అని మాకెవరికీ అనిపించలేదు. పడుకునేటప్పుడు అమ్మలు అట్లా అంటారేమో అనుకున్నాం.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, నా పెద్ద కూతురు కూడా నడుముల పనిలోనే పడింది మరి.

నీట్‌లో దానికి సీటు రాలేదు. ఇంకో ఏడాది కోచింగ్‌కు పంపుదామని నేను, వద్దని అది. తనంతట తానే బీపీటీలో చేరింది. నాలుగున్నరేళ్లు చదివి ఫిజియోథెరపిస్ట్ అయింది. ఇప్పుడు జగిత్యాలలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తోంది. పక్షవాతం వచ్చినవాళ్లను నడిపించడం, గల్ఫ్‌లో పరంజా మీంచి పడి ఇంటికొచ్చినవాళ్లకు మళ్లీ చేయి లేచేలా చేయడం, మోకాళ్లు మార్పించుకున్న పెద్దవాళ్లతో మెట్లు ఎక్కించడం దాని పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా బిడ్డ బొటనవేళ్లు వాచి ఉంటాయి.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు నచ్చలేదు. చుట్టాలు "మీ బిడ్డ మాలిష్ డాక్టరట కదా" అంటే నవ్వి ఊరుకునేదాన్ని గానీ లోపల కాలేది. ఒక సంబంధం వాళ్లు వివరాలు పంపమంటే నేనే కాగితం రాసి, చదువు దగ్గర "డాక్టర్" అని పెట్టి ఊరుకున్నా. అది చూసింది. ఏమీ అనలేదు. పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసి "బీపీటీ, ఫిజియోథెరపిస్ట్" అని రాసి నా చేతికిచ్చింది. ఆ కాగితం నేను పంపనేలేదు. కొట్టివేత ఉన్న కాగితం ఎట్లా పంపుతాం అని సాకు చెప్పుకున్నా.

తర్వాత సిరిసిల్ల సంగతి జరిగింది.

మా వదిన వాళ్లది సిరిసిల్ల. అన్నయ్య, అంటే మా వదిన భర్త, ముప్ఫై ఏళ్లుగా సాంచాల మీద పని చేస్తున్నాడు. మరమగ్గాల్ని అక్కడ సాంచాలంటారు. ఒక్క మనిషి వరుసగా ఉన్న సాంచాల మధ్య తిరుగుతూ, తెగిన పోగు అతుకుతూ, కండె మారుస్తూ ఉండాలి. పన్నెండు గంటల షిఫ్టులో కూర్చునేది తక్కువ. పైగా భీములు ఎత్తి పెట్టాలి. నూలు చుట్టిన భీము ఎంత బరువుంటుందో ఎత్తినవాళ్ల నడుమునే అడగాలి. మీటర్ల లెక్కన కూలి కాబట్టి, నొప్పని కూర్చుంటే ఆ పూట డబ్బులు లేనట్టే. అందుకే రెండేళ్లుగా నడుము నొప్పి ఉన్నా గోలీలు మింగుతూ నెట్టుకొచ్చాడు.

వాళ్లబ్బాయి ఫోన్‌లో వీడియోలు చూపించాడట. మీరూ చూసే ఉంటారు. మనిషిని పడుకోబెట్టి మెడ ఒక పక్కకి, నడుము ఇంకో పక్కకి తిప్పుతారు. టక్‌మని చప్పుడు వస్తుంది. ఆ మనిషి లేచి నవ్వుతాడు, ఒక్కోసారి ఏడుస్తాడు. లక్షలమంది చూస్తారు. అట్లాంటి ఒకాయన దగ్గర్లోని పట్నంలో రెండు రోజుల శిబిరం పెడుతున్నాడని తెలిసి అన్నయ్యను తీసుకెళ్లాడు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోప్, బోర్డు మీద కైరో స్పెషలిస్ట్ అని. డబ్బు కట్టించుకుని, పడుకోబెట్టి, రెండుసార్లు టక్‌మనిపించి "ఐపోయింది, ఎముక సెట్టయింది" అన్నాడట. నొప్పి ఎప్పటి నుంచి, కాలు లాగుతోందా, ఇంకేమైనా జబ్బుందా, ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ పూట తేలికగానే అనిపించిందట. మూడో రోజు సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "నీ బిడ్డను ఒకసారి పంపు, మీ అన్నయ్య లేస్తలేడు. ఏదో వచ్చి నాలుగు నొక్కులు నొక్కిపోతే సరి" అంది.

అప్పుడు నేను ఏమనుకున్నానో సిగ్గు విడిచి చెబుతున్నా. ఇదే మంచి సమయం అనుకున్నా. నా బిడ్డ వెళ్లి అందరి ముందు వాళ్ల మామను లేపి నడిపిస్తే, మాలిష్ డాక్టర్ అన్న నోళ్లన్నీ మూతపడతాయి కదా అని. దాని బ్యాగు నేనే సర్దబోయా.

అది ఫోన్ తీసుకుని నేరుగా మామతో మాట్లాడింది.

"మామయ్యా, నొప్పి ఒక్క కాలికేనా, రెండిటికా?"

"నిన్నటి సంది రెండు కాళ్లు లాగుతున్నయి బిడ్డా."

"మడమల మీద నిలబడు చూద్దాం. పాదం పైకి లేస్తుందా?"

"కుడిది లేస్తలేదు."

"కూర్చునే చోట, తొడల మధ్యల మొద్దుబారినట్టు ఉందా? సిగ్గుపడకు మామయ్యా, చెప్పు."

కాసేపు ఏమీ వినబడలేదు. "ఉంది" అన్నాడు.

"మూత్రం ఎప్పుడు పోయినవ్?"

"పొద్దున. ఇప్పుడు వస్తున్నట్టే ఉంటది గని వస్తలేదు."

అది ఫోన్ పట్టుకునే లేచి నిలబడింది. "మామయ్యా, ఇది నా చేతి పని కాదు. ఎవరినీ నడుము ముట్టనియ్యకు. నేను వచ్చేదాకా ఆగకు. ఇప్పుడే కారు మాట్లాడుకుని కరీంనగర్ పోండి. ఎమ్మారై ఈ రాత్రే కావాలి. నేను అక్కడికే వస్తున్నా."

నాకు ఒక్క క్షణం కోపం వచ్చిందంటే నమ్మండి. చుట్టాలు చేయి అడిగితే ఇది లేదంటుందేంది అని. "పోయి ఒకసారి చూసొస్తే ఏమైతది?" అన్నా. "చూడడానికి పోతే రెండు గంటలు అక్కడ పోతయి అమ్మా. ఆ రెండు గంటలు ఆయనకు లేవు" అంది.

నిజంగానే లేవు. వెన్నుపూసల మధ్య డిస్కు జారి, వెన్ను చివర గుర్రపుతోకలా విడిపోయే నరాల గుంపును నొక్కేస్తోందని ఎమ్మారైలో తేలింది. అట్లా నొక్కినప్పుడు గంటల్లో వత్తిడి తీసేయకపోతే మూత్రం, మలం మీద అదుపు ఎప్పటికీ పోవచ్చట, కాళ్లు చచ్చుబడవచ్చట. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. బయట బెంచీ మీద వదిన, నేను, మా ఆయన కూర్చున్నాం. లోపల సంతకాలు, ఏ మందులు వాడేవాడన్నది, ఎప్పటి నుంచి ఏ లక్షణం అన్నది, సర్జన్‌కు అన్నీ వరుసగా చెప్పింది నా బిడ్డే. సర్జన్ బయటికొచ్చి "ఫోన్‌లో ఆ ప్రశ్నలు అడిగింది మీరేనా?" అన్నాడు. అది తలూపింది. "సమయానికి పంపారు" అని వెళ్లిపోయాడు. అంతే. చప్పట్లూ లేవు, వీడియో తీసేవాళ్లూ లేరు.

అన్నయ్య నడుస్తున్నాడు. కుడి పాదంలో కాస్త తిమ్మిరి ఉండిపోయింది. భీములు ఎత్తడం మానేశాడు.

శిబిరం ఆయన వల్లే ఇట్లా అయిందా అని వదిన అడిగితే సర్జన్ అట్లా చెప్పలేనన్నాడు. డిస్కు ముందే జారుతూ ఉండొచ్చు, ఎప్పుడో ఒకప్పుడు జరగాల్సిందే కావొచ్చు అన్నాడు. నా బిడ్డదీ అదే మాట. "ఆయన నడుము తిప్పిండని కాదమ్మా నా కోపం. అడగలేదని."

ఈ సంగతి విని డల్లాస్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. నేను ఆ కైరో వాళ్లందర్నీ తిట్టిపోస్తుంటే "అక్కా, అందర్నీ ఒక్క గాటన కట్టకు. నేను ఆర్నెల్లుగా కైరోప్రాక్టర్ దగ్గరికే పోతున్న. నాకు నయంగ ఉంది" అన్నాడు. మొదటిసారి వెళ్లినప్పుడు ముప్పావుగంట ప్రశ్నలతోనే సరిపోయిందట. చిన్న సుత్తితో మోకాలు కొట్టి చూశారట, నడిపించి చూశారట. "నీకు చెయ్యొచ్చు" అని తేల్చుకున్నాకే చెయ్యి వేశారట. నాకు వింతగా అనిపించింది. అయితే ఈ కైరోప్రాక్టర్ అంటే అసలు ఎవరు? డాక్టరా, నాటువైద్యుడా, మాలిష్ చేసేవాడా? ఆ రాత్రి పప్పు రుబ్బుకుంటూ నా బిడ్డను అడిగా. అది చెప్పింది, తర్వాత నేనూ కొంత చదువుకున్నా.

కైరోప్రాక్టిక్ అనేది గ్రీకు మాటల నుంచి కట్టిన పేరు. చేతితో చేసేది అని అర్థం. బీఏ తెలుగు చదివినదాన్ని కదా, నాకు వెంటనే మన "హస్తవాసి" గుర్తొచ్చింది. ఆ డాక్టరు హస్తవాసి మంచిది అంటాం కదా, అది.

1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. ఆయన డాక్టర్ కాదు. అయస్కాంత చికిత్స పేరుతో వైద్యం చేసేవాడు. ఆ భవనంలో ఊడ్చే పనిచేసే హార్వీ లిల్లార్డ్‌కు చెవులు సరిగా వినబడేవి కావు. పామర్ అతని వెన్నులో ఒక పూసను చేత్తో నొక్కి సర్దాడనీ, వినికిడి తిరిగొచ్చిందనీ చెప్పుకున్నారు. ఇంకేముంది, రోగాల్లో దాదాపు అన్నిటికీ మూలం వెన్నుపూసలు పక్కకు జరగడమే అన్నాడు పామర్. 1897లో బడి పెట్టాడు. 1906లో లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని ఆయన్ని జైల్లో వేశారు. ఆయన తర్వాత ఎంతోమంది కైరోప్రాక్టర్లు అట్లాగే జైలుకు వెళ్లారు.

ఇది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఒక మనిషికి తగ్గింది కాబట్టి అందరికీ, అన్నిటికీ ఇదే మందు. ఇది మా కోరుట్ల గల్లీ లెక్కే కదా. తేడా ఏంటంటే నేను పుట్నాలతో ఆగిపోయా, ఆయన బడి పెట్టాడు.

కానీ కథ అక్కడితో ఆగలేదు. 1913లో కాన్సాస్ రాష్ట్రం వాళ్లకు చట్టం చేసింది. ఒక్కో రాష్ట్రం లైసెన్సులు ఇస్తూ, చివరిగా లూసియానా 1974లో ఇచ్చింది. అమెరికా డాక్టర్ల సంఘం మాత్రం వాళ్లను శాస్త్రం లేని మూఢ గుంపు అంది. వాళ్లతో కలిసి పని చేయొద్దని తన డాక్టర్లకు చెప్పింది. 1976లో కొందరు కైరోప్రాక్టర్లు కోర్టుకెక్కారు. 1987లో జడ్జి సూసన్ గెట్జెన్‌డానర్, డాక్టర్ల సంఘం చేసింది చట్టవిరుద్ధమైన బహిష్కరణే అని తీర్పిచ్చింది. గెలిచారు నిజమే. కానీ వాళ్లలో వాళ్లకే తేలని మాట ఇంకొకటి ఉంది. మేం వెన్ను సర్ది అన్ని రోగాలూ తగ్గిస్తాం అనేవాళ్లు ఒకవైపు. మేం నడుము, మెడ, కీళ్ల నొప్పులు చూసేవాళ్లం, మిగతాది డాక్టర్లది అనేవాళ్లు ఇంకోవైపు. మేం ఎవరం అన్న ప్రశ్న వాళ్ల ఇంట్లోనే వందేళ్లకు పైగా నలుగుతోంది.

మరి పని చేస్తుందా అంటే, నడుము నొప్పికి కొంతవరకు చేస్తుందట. 2017లో అమెరికా ఫిజీషియన్ల కాలేజీ, మామూలు నడుము నొప్పికి ముందు గోలీలు కాకుండా వేడి కాపడం, వ్యాయామం, మసాజ్, చేత్తో వెన్ను సర్దడం లాంటివి చూడమంది. ఆ మాటలో మా బిడ్డ పనీ ఉంది, మా తమ్ముడి కైరోప్రాక్టర్ పనీ ఉంది. అయితే అది అద్భుతమేమీ కాదు. చాలామందికి నడుము నొప్పి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుందట. ఆ వారాల్లో మధ్యన ఎవరు చెయ్యి వేస్తే వాళ్లకు పేరు. నాకు పుట్నాలు ఎట్లా వచ్చాయో ఇప్పుడు అర్థమైంది. ఆ టక్‌మనే చప్పుడు కూడా ఎముక సెట్టయిన చప్పుడు కాదట. మనం వేళ్లు విరుచుకుంటే వచ్చేదే, కీలులోని జిగురు నీళ్లలో గాలి బుడగ చేసే చప్పుడు. ఇక మెడ విషయం వేరు. మెడను ఒక్కసారిగా తిప్పినప్పుడు, అరుదుగానే అయినా, మెదడుకు పోయే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన కేసులున్నాయట. మీ ఇంట్లో ఎవరైనా వీడియోలు చూసి మెడ తిప్పించుకుంటామంటే ఈ ఒక్క మాట చెప్పండి.

నాకు వీటన్నిట్లో మనసులో నాటుకుంది ఒక్కటే. అన్ని రోగాలూ మావే అన్నన్నాళ్లు వాళ్లకు కొట్లాటే దక్కింది. ఇంతవరకే మా పని అన్నవాళ్లకే డాక్టర్ల పక్కన కుర్చీ దొరికింది.

"మరి మన దగ్గర?" అని అడిగా. మన దేశంలో ఫిజియోథెరపిస్టుల్ని 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో చేర్చారు. కైరోప్రాక్టర్లకు మాత్రం ప్రత్యేక చట్టం లేదు, పేరు నమోదు చేసే కౌన్సిల్ లేదు. విదేశాల్లో ఏళ్ల తరబడి చదివొచ్చి నిజాయితీగా చేసేవాళ్లూ ఉంటారు. కానీ వాళ్లదీ, శిబిరం ఆయనదీ బోర్డు మీద ఒకటే మాట. మనలాంటివాళ్లం ఎట్లా తెలుసుకుంటాం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో, కైరోప్రాక్టర్ కావాలంటే నాలుగేళ్లలో 4200 గంటలకు తక్కువ కాకుండా తరగతులు, శిక్షణ ఉండాలని రాసింది. నా బిడ్డ ఫోన్‌కు మూడు రోజుల్లో నేర్పిస్తామని ప్రకటనలు వస్తుంటాయి. వెన్ను, కీళ్లు చేత్తో కదిలించడం ఫిజియోథెరపీ చదువులోనూ నేర్పుతారట. "కదిలించుడు నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టదమ్మా. ఎవరిని కదిలించొద్దో నేర్చుకోవడానికే ఏండ్లు పడతది" అంది.

అయినా జనం ఎందుకు పోతారో నాకు తెలుసు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు ఉంటారా? ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు పెట్టి కట్టే ఆ కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో పోతారు. మన ఊళ్లలోనూ బెణుకులు పట్టేవాళ్లుంటారు. వాళ్లు మనల్ని తాకుతారు, మన భాషలో మాట్లాడతారు. పెద్దాసుపత్రిలో స్కానింగ్ కాగితం తప్ప మనిషిని చూసే తీరిక ఉండదు చాలాసార్లు. నొప్పి ఉన్నచోట ఒక చెయ్యి పడాలని మనిషికి ఉంటుంది. ఆ ఆశ తప్పు కాదు. ఆ ఆశతో వచ్చిన మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పడుకోబెట్టడం తప్పు.

2025 సెప్టెంబర్‌లో ఇంకో ముచ్చట జరిగింది. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చని ఆ ఏడాదే కొత్త పాఠ్యప్రణాళికలో ఉంటే, పెట్టుకోవద్దని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ సెప్టెంబర్ 9న లేఖ రాసింది. మర్నాడే ఆ లేఖను వెనక్కి తీసుకుంది. కానీ మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మొదటి వార్త వచ్చినంత జోరుగా రెండోది రాలేదు. "మీ బిడ్డ డాక్టర్ కాదట కదా" అని ఒకావిడ నాకు ప్రత్యేకంగా పంపింది. నేను ఉడికిపోయి దానికి చూపించా. అది అన్నం తింటూ చదివి, "అమ్మా, మామయ్యకు ఆ రోజు నేను చెప్పింది నా పేరు ముందర ఏమున్నా అదే కదా" అంది. పచ్చడి వేయమంది.

నా మటుకు నాకు ఆ మాట చాలాసేపు తిరిగింది. జనాభా లెక్కలవాళ్లు, బ్యాంకువాళ్లు, బడివాళ్లు ఎవరొచ్చినా వృత్తి దగ్గర "గృహిణి" అని రాసుకుంటారు, కొందరైతే "ఏమీ లేదు" అని. ఇరవై ఆరేళ్లుగా ఆ గడి చూస్తే నాకు కొంచెం చిన్నతనమే. అందుకేనేమో నా బిడ్డ గడిలో పెద్ద మాట ఉండాలని ఆశపడ్డా. మా అమ్మకు ఆ చిన్నతనం లేదు. బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బా వెనుక దాచుకుంటుంది. ఆ పని చేసినందుకే తనకు నెలకు 2016 రూపాయల పింఛను వస్తుందని అందరికీ చెబుతుంది. తను ఏం చేసిందో తనకు తెలుసు. దాన్ని ఇంకో పేరుతో పిలవాలని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు.

కిందటి నెల నా బిడ్డను కోరుట్లకు తీసుకుపోయా. అది అమ్మమ్మ వెనుక కూర్చుని, అరగంట ప్రశ్నలే అడిగింది. తర్వాత మెడ నుంచి కిందికి ఒక్కో పూస మీద వేలు పెట్టుకుంటూ వచ్చింది. బోలు ఎముకలున్నాయి, గట్టిగా ఏదీ చేయకూడదు అంది. చాటను కింద కాకుండా ఎత్తు పీట మీద పెట్టించింది, వీపు వెనుక దిండు పెట్టించింది. వంద బీడీలకోసారి లేచి వాకిలి దాకా పోయి రావాలని చెప్పింది. "గిదేం వైద్యమే, ముట్టుకున్నది లేదు, నొక్కింది లేదు" అంది అమ్మ. కానీ ఆ రాత్రి పడుకునేటప్పుడు మనుమరాలు పక్కకు తిరిగి ఎట్లా పడుకోవాలో చూపిస్తే, అట్లాగే పడుకుంది. "అమ్మా" అనే మూలుగు కోసం నేను చీకట్లో ఎదురుచూశా. వచ్చింది. కొంచెం తక్కువగా వచ్చిందని నాకు అనిపించింది. అంతకన్నా ఎక్కువ చెప్పను.

ఇంటికొచ్చాక కొత్త కాగితం తీసుకుని వివరాలు మళ్లీ రాశా. బీపీటీ, ఫిజియోథెరపిస్ట్. కొట్టివేతలు లేకుండా. తల్లి అన్నచోట "గృహిణి" అని రాస్తే, అది పెన్ను లాక్కుని పక్కన "బీఏ తెలుగు" అని చేర్చింది.

మొన్న పక్కింటి పెద్దమ్మ నడుము పట్టుకుని వచ్చింది. నేను ఎదురుకాళ్ల దాన్నని ఎవరో చెప్పారట. "ఒక్కసారి కాలు తాకియ్యి బిడ్డా" అంది. కూర్చోబెట్టి, నా బిడ్డ నేర్పినవే అడిగా. కిందపడ్డావా, జ్వరం ఉందా, కాళ్లు మొద్దుబారుతున్నాయా, మూత్రం సరిగా వస్తోందా. అన్నిటికీ లేదు, బాగానే ఉంది అంది. నిన్న బోరు నీళ్ల బిందె ఎత్తానంది. వేడి కాపడం పెట్టుకో, మంచం మీదే ఉండకుండా ఇంట్లో మెల్లగా తిరుగు, కాలు లాగినా, తగ్గకపోయినా మా బిడ్డ దగ్గరికి తీసుకుపోతా అని చెప్పా.

అన్నీ విని, "సరే గని, ఒకసారి తాకియ్యరాదూ" అంది.

తాకించాను, మెల్లగా. పుట్నాలు మాత్రం తీసుకోలేదు.